నేల నుంచి బ్యాటు కొస దాకా: బేస్‌బాల్ స్వింగ్‌లోని యాంత్రికశాస్త్రం

బేస్‌బాల్‌లో పిచ్చర్ కాలు ఆనించే రబ్బరు పలక నుంచి హోమ్ ప్లేట్ వెనుక కొస దాకా ఉన్న దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పిచ్చర్ ముందుకు పెద్ద అంగ వేసి, చేయి చాపి బంతిని వదిలేసరికి అందులో సుమారు ఆరడుగులు తరిగిపోతాయి కనుక, బ్యాటు పట్టిన ఆటగాడికి, అంటే హిట్టర్‌కు, మిగిలేది 55 అడుగులకు మించదు. గంటకు 90 మైళ్ల వేగంతో, అంటే దాదాపు 145 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి ఆ దూరాన్ని రమారమి 0.4 సెకన్లలో దాటుతుంది. మేజర్ లీగ్ స్థాయి హిట్టర్ స్వింగ్ మొదలుపెట్టిన క్షణం నుంచి బ్యాటు బంతిని తాకే దాకా సుమారు 0.15 సెకన్లు పడుతుంది కాబట్టి, కన్ను బంతిని పట్టుకోవడం, మెదడు దాని దారిని అంచనా వేయడం, కొట్టాలా వదలాలా అన్న నిర్ణయం కండరాలకు చేరడం, అన్నీ మిగిలిన పావు సెకనులోనే జరిగిపోవాలి. యేల్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ అడేర్ 1990లో వెలువరించిన 'ద ఫిజిక్స్ ఆఫ్ బేస్‌బాల్' గ్రంథం ఈ కాలపు లెక్కను సామాన్య పాఠకులకు తెలియజెప్పింది. స్వింగ్‌ను మెరుగుపరచడం అంటే కేవలం బ్యాటును మరింత వేగంగా తిప్పడం కాదని ఆ లెక్కను బట్టే తెలుస్తుంది. స్వింగ్‌కు పట్టే కాలంలో 0.02 సెకన్లు తగ్గించుకోగలిగిన ఆటగాడు నిర్ణయం తీసుకునే ముందు బంతిని మరో రెండున్నర అడుగుల దూరం చూడగలుగుతాడు, ఆ రెండున్నర అడుగుల్లోనే వంపు తిరిగే బంతికీ నేరుగా వచ్చే బంతికీ ఉన్న తేడా చాలాసార్లు బయటపడుతుంది.

క్రికెట్‌కు అలవాటుపడిన తెలుగు పాఠకుడికి ఈ సమస్య ఎంత ఇరుకైనదో మొదట తోచకపోవచ్చు. క్రికెట్ బ్యాటుకు చదునైన ముఖం ఉంటుంది, దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాల దాకా ఉండవచ్చు, నిటారుగా ఆడే షాట్లలో నిలువు బ్యాటు బంతి ఎత్తులో వచ్చే తేడాను తనలో సర్దుకుంటుంది. బేస్‌బాల్ బ్యాటు గుండ్రటి కడ్డీ, దాని గరిష్ఠ మందం 2.61 అంగుళాలు, అది దాదాపు అడ్డంగా ఒక చాపంలో తిరుగుతూ సుమారు 2.9 అంగుళాల వ్యాసమున్న మరో గుండ్రటి వస్తువును ఢీకొనాలి. రెండు వంపు తలాలు కలిసేచోట వాటి మధ్యరేఖల ఎత్తులో అరంగుళం తేడా వచ్చినా నేరుగా దూసుకుపోవలసిన బంతి నేలకు తగిలి దొర్లుతుంది, లేదా గాలిలోకి లేచి క్యాచ్ అవుతుంది. కాలంలో దొరికే వెసులుబాటు ఇంతకన్నా గొప్పదేమీ కాదు. సెకనులో సుమారు వందో వంతు ముందో వెనుకో తగిలితే బంతి హద్దురేఖల అవతల పడి ఫౌల్ అవుతుంది. క్రికెట్‌లో బ్యాటు అంచు తగిలి వెనక్కి జారిన బంతికి నాలుగు పరుగులు రావచ్చు, బేస్‌బాల్‌లో హిట్టర్ ముందున్న తొంభై డిగ్రీల మేర మాత్రమే ఆటస్థలం.

బ్యాటు, బంతి ఒకదానినొకటి తాకి ఉండే కాలం సెకనులో వెయ్యో వంతుకు మించదు. ఆ లిప్తకాలంలో వాటి మధ్య పనిచేసే బలం కొన్ని వేల పౌండ్లకు చేరుతుంది, బంతి నొక్కుకుపోయి తిరిగి విచ్చుకుంటుంది, తనలోని శక్తిలో అధిక భాగాన్ని వేడిగా పోగొట్టుకుంటుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త అలన్ నేథన్ ఈ ఢీకొనడాన్ని ఒక తేలికైన సూత్రంలో ఇమిడ్చి చూపాడు. బ్యాటు సరైన చోట తగిలినప్పుడు బంతి బ్యాటును విడిచే వేగం, బ్యాటు వేగానికి సుమారు 1.2 రెట్లను, వచ్చే బంతి వేగంలో సుమారు 0.2 వంతును కలిపినంత ఉంటుంది. ప్లేట్ దగ్గర గంటకు 85 మైళ్ల వేగంతో ఉన్న బంతిని 70 మైళ్ల వేగంతో బ్యాటు తాకితే, అది 101 మైళ్ల వేగంతో తిరుగుముఖం పడుతుంది. పిచ్చర్ వేగం హిట్టర్‌కు కలిసివస్తుందన్న మాటలో నిజం ఉన్నా అది స్వల్పమే, బ్యాటు వేగం ఒక మైలు పెరిగితే వచ్చే ఫలితం బంతి వేగం ఆరు మైళ్లు పెరిగితే వచ్చే ఫలితంతో సమానం. తగలవలసిన సరైన చోటు బ్యాటు కొస నుంచి ఐదారు అంగుళాల లోపలికి ఉంటుంది. బ్యాటు కంపించేటప్పుడు దాదాపు కదలకుండా ఉండే అస్పందన స్థానాలు అక్కడే ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వల్ల ఆ ప్రాంతంలో తగిలిన బంతి శక్తి కంపనాలుగా వృథా కాదు, చేతులకు జివ్వుమనే నొప్పీ రాదు.

ఇందులోంచి చాలామంది కోచ్‌లకు మింగుడుపడని ఒక నిజం బయటపడుతుంది. తగిలిన చోట పుట్టిన కంపన తరంగం బ్యాటు పిడి దాకా వెళ్లి తిరిగి వచ్చేలోపే బంతి వెళ్లిపోతుంది కనుక, సరిగ్గా తగిలే క్షణంలో పిడిని ఎంత గట్టిగా బిగించారన్న దానితో బంతి వేగానికి సంబంధం లేదు. బిగించాలన్న ప్రయత్నం ముంజేతులను ముందుగానే బిగుసుకునేలా చేసి బ్యాటు వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి, తరతరాలుగా పిల్లలకు చెబుతున్న ఆ సలహా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

బ్యాటు వేగం చేతుల బలం నుంచి రాదు. 1995లో వెల్చ్, ఆయన సహచరులు వృత్తి ఆటగాళ్ల స్వింగ్‌ను అధిక వేగపు కెమెరాలతో, బలాన్ని కొలిచే పలకలతో పరిశీలించి ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో నేటికీ పునాదిరాయిగా ఉంది. అందులో కనిపించిన క్రమం ఇది. హిట్టర్ ముందుగా బరువును వెనుక కాలి మీదికి తీసుకుని, నడుమును, భుజాలను పిచ్చర్‌కు ఎదురు దిశలో కొంత చుట్టుకుంటాడు. తరువాత ముందు కాలు ఎత్తి అంగ వేస్తాడు, ఆ పాదం నేలకు ఆనినప్పుడు దాని మీద పడే బలం అతని శరీర బరువులో 123 శాతానికి చేరుతుంది. ఆ కాలు అక్కడ మేకు దిగినట్టు నిలిచి, మోకాలు నిటారు కావడంతో ముందుకు సాగుతున్న శరీరపు కదలిక భ్రమణంగా మారుతుంది, తుంటి భాగం సెకనుకు సుమారు 714 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. దాని వెనుకే భుజాలు 937 డిగ్రీల వేగాన్ని అందుకుంటాయి, ఆ తరువాత చేతులు ఇంకా వేగంగా తిరుగుతాయి, చివరికి బ్యాటు సెకనుకు 31 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు దాదాపు 70 మైళ్లను చేరుతుంది.

కైనెటిక్ చెయిన్ అని పిలిచే ఈ వరుసలో ముఖ్యమైన సంగతి ఏ ఒక్క భాగపు వేగమూ కాదు, ఒకదాని తరువాత ఒకటి వేగం అందుకునే క్రమం. కొరడా పిడిని విసిరి ఒక్కసారిగా ఆపినప్పుడు ఆ కదలిక సన్నబడుతున్న తాడు వెంట పాకి కొసకు చేరేసరికి చెవులు గింగురుమనే చప్పుడు పుట్టినట్టే, బరువైన తుంటి భాగం తన గరిష్ఠ వేగాన్ని చేరి నెమ్మదించడం మొదలుపెట్టినప్పుడే దాని కోణీయ ద్రవ్యవేగం మొండేనికి, మొండెం నుంచి చేతులకు, చేతుల నుంచి బ్యాటుకు బదిలీ అవుతుంది. తుంటి ముందుకు తిరుగుతుండగా భుజాలు క్షణకాలం వెనుకనే ఆగితే నడుము కండరాలు సాగుతాయి, అలా సాగిన కండరం వెంటనే ముడుచుకునేటప్పుడు మామూలుకన్నా ఎక్కువ బలాన్ని ఇస్తుంది. మణికట్లు బ్యాటును విదిలించడం కూడా చాలావరకు స్వయంగా జరిగేదే. చేతుల వేగం తగ్గుతున్నప్పుడు అపకేంద్ర ప్రభావం వల్ల బ్యాటు తనంత తానే ముందుకు విసురుకుంటుంది, ఆ పనిని మణికట్ల బలంతో తొందరపెట్టబోయిన ఆటగాడు బంతి రాకముందే తన శక్తిని ఖర్చు చేసుకుంటాడు.

ఈ వరుస తప్పడమే స్వింగ్‌లో కనిపించే లోపాల్లో అధిక భాగానికి మూలం. తుంటి, భుజాలు ఒకే దిమ్మలా కలిసి తిరగడం ఒక లోపం. చేతులు ముందే చాచి బ్యాటును శరీరానికి దూరంగా పంపడం ఇంతకన్నా తరచుగా కనిపించే లోపం, అమెరికన్ కోచ్‌లు దీన్ని గాలం విసరడంతో పోల్చి క్యాస్టింగ్ అంటారు. తిరిగే వస్తువు ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరంగా ఉంటే దాన్ని తిప్పడం అంత కష్టమవుతుంది, ఈ నిరోధాన్ని భౌతికశాస్త్రం జడత్వ భ్రామకం అంటుంది. ముందే చాచిన చేతులు దీన్ని పెంచి భ్రమణాన్ని మందగింపజేస్తాయి, బ్యాటు పెద్ద చాపంలో తిరగవలసి రావడంతో స్వింగ్‌కు పట్టే కాలం కూడా పెరుగుతుంది. నష్టం వేగంలోనూ కాలంలోనూ రెండువిధాలా జరుగుతుంది కనుక ఏ స్థాయి ఆటగాడిలోనైనా మొదట చూడవలసింది ఇదే. వెనుక పాదంతో పురుగును నలిపినట్టు నేల మీద తిప్పమని పిల్లలకు చెప్పే పాత సలహా కూడా కొలతలకు నిలవలేదు. బంతి తగిలే సమయానికి బరువు ముందు కాలి మీద ఉంటుంది, నిపుణుల వెనుక పాదం తరచు వేలి కొనతో మాత్రమే నేలను తాకుతూ, కొందరిలో గాలిలో తేలుతూ ఉంటుంది.

బ్యాటు ఏ దారిన నడవాలన్న విషయంలో అమెరికాలో అర్ధ శతాబ్దం పాటు వాదం నడిచింది. 1941లో .406 సగటు, అంటే వెయ్యి ప్రయత్నాలకు 406 హిట్ల లెక్కన, సాధించిన టెడ్ విలియమ్స్, 1971లో జాన్ అండర్‌వుడ్‌తో కలిసి వెలువరించిన 'ద సైన్స్ ఆఫ్ హిట్టింగ్' పుస్తకంలో, స్వింగ్ కొద్దిగా పైకి లేవాలని చెప్పాడు. పిచ్చర్ 10 అంగుళాల మట్టి దిబ్బ మీద నిలబడి భుజం ఎత్తు నుంచి విసిరిన బంతి ప్లేట్‌ను చేరేసరికి ఆరేడు డిగ్రీల మేర కిందికి వాలి ఉంటుంది, వంపు తిరిగే బంతి ఇంకా ఎక్కువ వాలుతుంది. బ్యాటు నేలకు సమాంతరంగా గానీ కిందికి గానీ వస్తే ఆ వాలును ఒక్క బిందువు దగ్గరే ఖండిస్తుంది. బ్యాటు అదే కోణంలో పైకి లేస్తే రెండు దారులు కొంతదూరం కలిసి నడుస్తాయి కాబట్టి కాలంలో జరిగిన చిన్న పొరపాటు క్షమించబడుతుంది. దీనికి భిన్నంగా, కాన్సస్ సిటీ రాయల్స్ కోచ్‌గా పేరు తెచ్చుకున్న చార్లీ లా, బరువును వెనుక కాలి నుంచి ముందు కాలికి బదిలీ చేయడం మీదనే తన బోధననంతా నిలిపాడు. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో .390 సగటు సాధించడంతో ఆ పద్ధతికీ గట్టి ప్రమాణం దొరికినట్టయింది. ఒక వర్గం భ్రమణాన్ని, మరొక వర్గం ముందుకు కదలికను ఆరాధించినా, కెమెరాలు చూపించింది మాత్రం మంచి స్వింగ్‌లో రెండూ ఉంటాయనీ, ముందు కదలిక జరిగి ముందు కాలు దాన్ని ఆపినప్పుడే భ్రమణం మొదలవుతుందనీ. బ్యాటు దారి విషయంలో మాత్రం విలియమ్స్ వైపే న్యాయం ఉందని చెప్పక తప్పదు.

2015లో మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ అమలులోకి వచ్చి, ప్రతి బంతి బ్యాటును విడిచే వేగాన్నీ, లాంచ్ యాంగిల్ అనే పైకి లేచే కోణాన్నీ నమోదు చేయడంతో ఈ చర్చకు అంకెలు తోడయ్యాయి. అంతకు కొద్దికాలం ముందే జె.డి. మార్టినెజ్ అనే ఆటగాడు తన స్వింగ్‌ను మొదలంటా మార్చుకుని వచ్చినా, 2014 మార్చిలో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు అతన్ని విడిచిపెట్టింది. అదే ఏడాది డెట్రాయిట్ తరఫున .315 సగటుతో 23 హోమ్ రన్లు, అంటే మైదానపు కంచె దాటే దెబ్బలు, కొట్టిన ఆ ఆటగాడు, 2017లో 45 కొట్టాడు. ఇలాంటి ఉదాహరణలు చూసి బడిపిల్లల దాకా అందరూ బంతిని పైకి లేపడం మొదలుపెట్టినప్పుడు దాని ఖర్చు కూడా బయటపడింది. మరీ నిటారుగా లేచే స్వింగ్ ఛాతీ ఎత్తున వేగంగా వచ్చే బంతిని అందుకోలేదు, పిచ్చర్లు అది గ్రహించి అక్కడికే విసరసాగారు, బంతిని కొట్టలేక వెనుదిరిగే స్ట్రయిక్ అవుట్లు పెరిగాయి. 2019లో మేజర్ లీగ్‌లో రికార్డు స్థాయిలో 6,776 హోమ్ రన్లు నమోదైనప్పుడు, లీగ్ నియమించిన శాస్త్రవేత్తల సంఘం ముందటి ఏడాదితో పోలిస్తే పెరిగినదానిలో సుమారు 60 శాతానికి బంతి మీద గాలి నిరోధం తగ్గడమే కారణమని తేల్చింది. స్వింగ్ విప్లవానికి దక్కిన కీర్తిలో కొంత భాగం నిజానికి గాలి నిరోధాన్ని ప్రభావితం చేసే బంతి కుట్టుకు చెందుతుంది.

కోచ్‌ల పాత మాటలు కొలతల ముందు తేలిపోయినంత మాత్రాన అవి పనికిరానివి కావు. ఆటగాడికి తన శరీరం చేస్తున్నట్టు అనిపించేదీ, నిజంగా చేస్తున్నదీ ఒకటి కాదు. పైకి మరీ ఎక్కువగా లేపుతున్న వాడికి కిందికి కొట్టమని చెబితే అతను కిందికి కొట్టడు, సరైన దారికి వస్తాడు. అదే మాట అప్పటికే చదునుగా ఆడుతున్న మరొకడికి చెబితే చెడిపోతాడు. వీడియో తీసి చూడకుండా ఇచ్చే సలహా రోగిని చూడకుండా రాసే మందుచీటీకి తీసిపోదు. బంతిని బ్యాటుకు తగిలేదాకా చూస్తూ ఉండాలన్న నియమం కూడా ఈ కోవలోదే. టెర్రీ బాహిల్, టామ్ లారిట్జ్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ప్లేట్‌కు చివరి ఐదారు అడుగుల్లో బంతి కోణీయ వేగం కన్ను వెంబడించగల హద్దును దాటిపోతుంది. కొందరు ఆటగాళ్లు మధ్యలో బంతిని వదిలేసి చూపును ముందుకు ఒక్క ఉదుటున దూకించి అది చేరబోయే చోట ఎదురుచూస్తారు. అసాధ్యమైన ఆ నియమం వల్ల కలిగే ఒకే ప్రయోజనం తల కదలకుండా ఉండడం, అది చిన్న ప్రయోజనం కాదు.

ఆకారం ముఖ్యం కాదు, వరుస, సమయం ముఖ్యమని చూపడానికి జపాన్ ఆటగాడు సదహారు ఓ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1959లో యోమియురి జైంట్స్‌లో చేరిన ఓ, మొదటి మూడేళ్లు నిలకడ లేకుండా ఆడాడు. బ్యాటు కదలిక మొదలయ్యేటప్పుడు చేతుల్లో వచ్చే అనవసరపు కుదుపు అతన్ని ఎప్పుడూ ఆలస్యం చేసేది. 1962లో కోచ్ హిరోషి అరకావా అతన్ని ముందు కాలు మోకాలి దాకా ఎత్తి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి బంతి కోసం ఎదురుచూడమన్నాడు. ఒంటికాలి మీద నిలిచిన వాడు చేతులను కుదపలేడు, కుదిపితే తూలిపడతాడు. ఐకిడో సాధన, వేలాడదీసిన కాగితాన్ని కత్తితో కోసే అభ్యాసం ఆ సమతుల్యానికి తోడయ్యాయి. ఆ ఏడాది 38 హోమ్ రన్లతో లీగ్‌లో మొదటి స్థానానికి వచ్చిన ఓ, 1974 దాకా వరుసగా 13 ఏళ్లు ఆ స్థానాన్ని వదలలేదు, ఆట విరమించే నాటికి 868 హోమ్ రన్లు కొట్టాడు. అరకావా బోధించింది ఒక భంగిమగా కనిపించినా, నిజానికి అది ఆ ఒక్క ఆటగాడి ఒక్క లోపానికి కనిపెట్టిన విరుగుడు. దాన్ని యథాతథంగా అనుకరించిన వారిలో చాలామందికి ఎదురుచూసిన ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

స్థాయిని బట్టి సమస్య మారుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఆడే లిటిల్ లీగ్‌లో పిచ్చర్‌కు, ప్లేట్‌కు మధ్య దూరం 46 అడుగులే కావడం వల్ల, పన్నెండేళ్ల పిల్లవాడు గంటకు 70 మైళ్లకు కాస్త తక్కువ వేగంతో విసిరిన బంతి ఎదుటి పిల్లవాడికి మిగిల్చే సమయం, పెద్దల ఆటలో 90 మైళ్ల బంతి మిగిల్చే సమయంతో దాదాపు సమానం. ఆ వయసులో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది బరువైన బ్యాటు. బ్యాటు మొత్తం బరువు కన్నా ఆ బరువు పిడికి ఎంత దూరంలో ఉందన్నదే తిప్పడంలోని కష్టాన్ని నిర్ణయిస్తుంది, తన శక్తికి మించిన బ్యాటు పట్టిన పిల్లవాడు దాన్ని కదల్చడానికి వీపును వెనక్కి వంచి, చేతులను ముందుగా లాగి, పైన చెప్పిన వరుసనంతా తలకిందులు చేసుకుంటాడు. లోహపు బ్యాట్లు మరో రకంగా మోసం చేస్తాయి. వాటి పలుచని గోడ స్ప్రింగులా వంగి బంతిని తిరిగి నెట్టడం వల్ల సరిగా తగలని బంతి కూడా దూరం పోతుంది. కాలేజీ ఆటలో 2011 నుంచి ఆ గుణాన్ని కొయ్య బ్యాటుకు దగ్గరగా కట్టడి చేసే ప్రమాణం అమలైన తరువాత ఎంతోమంది కుర్రాళ్ల గణాంకాలు పడిపోయాయి. వేగపు సాఫ్ట్‌బాల్‌లో చేతిని కిందినుంచి తిప్పి విసిరే బంతి అంతగా వాలదు కనుక, బేస్‌బాల్ కోసం చెప్పే పైకి లేచే స్వింగ్‌ను ఆ ఆట ఆడే అమ్మాయిలకు అలాగే నేర్పడం పొరపాటు. వయసు మీరిన ఔత్సాహికుడికి తుంటి, వీపు పైభాగం బిగుసుకుపోయి ఉంటాయి, అతనికి స్వింగ్ పాఠం కన్నా ముందు వ్యాయామం కావాలి.

2024 నుంచి బ్యాటు వేగం కూడా బహిరంగంగా అందుబాటులోకి రావడంతో మేజర్ లీగ్ సగటు గంటకు 72 మైళ్ల దరిదాపుల్లో ఉందని తెలిసింది. జియాన్‌కార్లో స్టాంటన్ సగటున 81 మైళ్ల వేగంతో తిప్పుతాడు. లూయిస్ అరాయెజ్ వేగం 63 మైళ్లకు అటూ ఇటుగా, లీగ్‌లో అట్టడుగున ఉంటుంది. ఆ అరాయెజే 2022, 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు తానాడిన లీగ్ విభాగంలో సగటులో అగ్రస్థానం పొందాడు. బ్యాటు నడిచే దూరం అతని స్వింగ్‌లో చాలా తక్కువ, అందువల్ల బంతిని ఇతరులకన్నా ఎక్కువసేపు చూసి, బ్యాటు సరైన చోటికి దాన్ని తరచుగా చేర్చగలుగుతాడు. హోమ్ రన్లు కావాలనుకునే జట్టుకు స్టాంటన్ విలువ ఎక్కువ అన్నది వేరే సంగతి.

సాధనలో వేగం పెంచడానికి బరువైన, తేలికైన బ్యాట్లను మార్చిమార్చి తిప్పడం చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది, దానికి ఆధారాలూ ఉన్నాయి. తమ వంతు రాబోయే ముందు బ్యాటుకు ఇనుప రింగు తొడిగి తిప్పే అలవాటు మాత్రం వేరు. ఆ తరువాత మామూలు బ్యాటు తేలికగా అనిపిస్తుందే తప్ప వేగం పెరగదు, చాలా పరీక్షల్లో కాస్త తగ్గింది కూడా. మేజర్ లీగ్ ఆటగాళ్లు సైతం ఆ రింగును వదలడం లేదు.

స్వింగ్ ఎంత చక్కగా ఉన్నా, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది బంతిని బట్టి ఉంటుంది కనుక, సాధన చేసే తీరులోనే మిగిలిన సగం దాగి ఉంది. 1994లో హాల్, డొమింగెస్, కవాజోస్ ప్రచురించిన అధ్యయనంలో జూనియర్ కాలేజీ ఆటగాళ్లకు ఆరు వారాల పాటు వారానికి రెండుసార్లు అదనపు సాధన ఇచ్చారు. ప్రతిసారీ 45 బంతులు, వాటిలో వేగపు బంతులు 15, వంపు బంతులు 15, నెమ్మది బంతులు 15. ఒక బృందానికి ఒక్కో రకాన్నీ గుంపుగా వేశారు, మరొక బృందానికి ఏది వస్తుందో తెలియకుండా కలిపి వేశారు, మూడో బృందానికి అదనపు సాధన ఏదీ లేదు. చివర పెట్టిన పరీక్షలో గట్టిగా కొట్టిన బంతుల సంఖ్య మూడో బృందంలో 6 శాతం, గుంపుగా ఎదుర్కొన్న బృందంలో 25 శాతం, కలగలుపుగా ఎదుర్కొన్న బృందంలో 57 శాతం పెరిగింది. ఈ చివరి రెండు బృందాలూ ఎదుర్కొన్న బంతుల సంఖ్య, రకాలు ఒక్కటే, మారింది అవి వచ్చిన వరుస మాత్రమే.